వ్యాపారం, వైద్యం, మానవీయ శాస్త్రాలు మూడూ కలిసే ప్రాజెక్టు ప్రశ్న ఎక్కడ దొరుకుతుంది?

విశాఖపట్నంలో ఎంబీఏ చదువుతున్న ఒకరు అడిగారు: ఆసుపత్రి మీద ప్రాజెక్టు చేయాలని ఉంది, అందులో వ్యాపారం, వైద్యం, మానవీయ శాస్త్రాలు మూడూ కలవాలంటే ప్రశ్నను ఎలా ఎంచుకోవాలి అని. ఇదే ఊళ్లో హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ చదివి, ఆ తరువాత ఆసుపత్రి నాణ్యతా విభాగంలో పనిచేస్తూ ఏటా వచ్చే ప్రాజెక్టు విద్యార్థులను చూస్తున్నాను కనుక ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. అటువంటి ప్రశ్న ఓపీ బయటి బెంచీల మీద దొరుకుతుంది. గ్రంథాలయానికి ఆ తరువాత వెళ్లవచ్చు.

నా చదువు రోజుల్లో గైడు గారు ఇచ్చిన శీర్షిక "ఔట్‌పేషెంట్ విభాగంలో నిరీక్షణ సమయం, రోగుల సంతృప్తి". అప్పటికే అది అరిగిపోయిన శీర్షిక, ఇప్పటికీ ఆసుపత్రి పేరు మాత్రం మార్చుకుని ఏటా నా బల్ల మీదికి వస్తూనే ఉంది. "చాలా అసంతృప్తి" నుంచి "చాలా సంతృప్తి" వరకు ఐదు గడులున్న ప్రశ్నావళి పట్టుకుని నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో షుగరు ఓపీ బయట కూర్చున్నాను. మాడుగుల దాటి ఇంకా లోపలి ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ పక్కనే కూర్చుని ఉంది. ఒళ్లో పాలిథిన్ సంచి, అందులో మడతల దగ్గర చిరిగిపోతున్న పాత ఓపీ చీటీలు, సగం వాడిన మాత్రల అట్ట. డాక్టరు గారు బాగా చూస్తున్నారా అంటే "బాగానే ఉంది బాబూ" అంది. శుభ్రత సంగతి అడిగినా అదే మాట, నిరీక్షణ సంగతి అడిగినా అదే మాట. మెడలో గుర్తింపు కార్డు వేసుకుని అడిగేవాడికి ఆవిడ మరో జవాబు చెబుతుందని ఎవరైనా ఆశిస్తే వారికి మన పల్లెల పెద్దవాళ్లు తెలియరనే అనుకోవాలి.

కాగితం మడిచి పక్కన పెట్టాక, పిల్లల గురించీ పంటల గురించీ మాట్లాడుకునే వేళకు అసలు సంగతి బయటపడింది. పరగడుపు రక్తం ఇవ్వడానికి ఆవిడ తెల్లవారకముందే ఇల్లు వదిలి, మాడుగుల దాకా ఆటోలో, అక్కడి నుంచి విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సుకు బస్సులో, మళ్లీ సిటీ బస్సులో వచ్చింది. రక్తం ఇచ్చి, గేటు బయట బండి దగ్గర ఇడ్లీ తిని, తిన్న రెండు గంటలకు ఇవ్వవలసిన రెండో రక్తం కోసం కూర్చుని ఉంది. రిపోర్టు చేతికి వచ్చేసరికి ఓపీ మూసేస్తారు, దాన్ని డాక్టరుకు చూపించాలంటే మర్నాడు మళ్లీ రావాలి. ఆవిడ ఎన్నడూ రాలేదట. పాత చీటీ చూపించి ఊళ్లో మందుల షాపులో పాత మాత్రలే కొనుక్కుంటుందట. నా ప్రశ్నావళి లెక్కలో మాత్రం ఆవిడ నిరీక్షణ అంటే డాక్టరు గది ముందు కూర్చున్న నిమిషాలే.

ఇక్కడితో ఆపితే అది బస్సు సమస్యగానే మిగిలేది. నేను ఇంకొకటి అడిగాను: ఈ జబ్బులో మీకు భయం వేసేది ఏమిటి? వైద్యుడూ మానవశాస్త్రవేత్తా అయిన ఆర్థర్ క్లైన్‌మన్ సహచరులతో కలిసి 1978లో రాసిన వ్యాసంలో రోగులను అడగమని సూచించిన ప్రశ్నలలో అదొకటి. ఈ జబ్బు ఎందుకు వచ్చిందనుకుంటున్నారు, అప్పుడే ఎందుకు మొదలైందనుకుంటున్నారు అన్నవీ ఆ వరుసలోవే. ఆవిడ సంచి మూతి ముడివేస్తూ, "మా ఆడపడుచుకి రిపోర్టు సూసి సూదిమందు మొదలెట్టేరు బాబూ, ఏడాది తిరక్కుండా కాలు తీసీసేరు" అంది. ఆవిడ దృష్టిలో కాలు పోయింది షుగరు వల్ల కాదు, ఇన్సులిన్ వల్ల. అటువంటప్పుడు రిపోర్టు డాక్టరు కంట పడకపోవడమే ఆవిడకు క్షేమం. ఆ ఓపీని రాత్రి దాకా తెరిచి ఉంచినా ఆవిడ రిపోర్టు పట్టుకుని లోపలికి వెళ్లేది కాదని నాకు నూటికి నూరుపాళ్లూ నమ్మకం.

మీరు కలపాలనుకుంటున్న మూడు విద్యలూ ఆ బెంచీ మీదే ఉన్నాయి. క్యూ సంగతి మేనేజ్‌మెంటుది. గంటకు 60 మంది వస్తూ ఒక్కొక్కరు సగటున 2 గంటలు ఉండిపోతే ఏ క్షణంలో చూసినా సుమారు 120 మంది లోపల ఉంటారు. ఈ సూత్రాన్ని జాన్ లిటిల్ 1961లో నిరూపించాడు. కనుక బెంచీలు కొనడం కంటే ఆ 2 గంటల మకాం ఎందుకో చూడడం మేలు. ఆ మకాం తగ్గించగలిగేది వైద్యం: హెచ్‌బీఏ1సీ అనే షుగరు పరీక్షకు పరగడుపు అక్కరలేదు, ఒక్కసారి రక్తం ఇస్తే గడచిన రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. అయితే రక్తహీనత ఉన్నవారిలో ఆ ఫలితం పక్కదారి పట్టించవచ్చు, మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత మామూలో మీకు తెలిసిందే, కనుక ఎవరికి ఏ పరీక్ష అన్నది మేనేజరు ఒక్కడూ కూర్చుని తేల్చే విషయం కాదు. ఇక కాలు పోయిన కథను అర్థం చేసుకోవడానికి లెక్కలూ ల్యాబూ సరిపోవు, అది మానవీయ శాస్త్రాల పని. వైద్యంలో కొనేవాడికి తాను కొంటున్నదేమిటో అమ్మేవాడికి తెలిసినంత తెలియదనీ, అందువల్ల ఇక్కడ నమ్మకం లేనిదే పని జరగదనీ ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో 1963లోనే రాశాడు. అయినా సబ్బులకూ ఫోన్లకూ తయారుచేసిన సంతృప్తి ప్రశ్నావళినే మనవాళ్లు రోగుల చేతిలో పెడుతున్నారు.

షుగరు మీద ఆసక్తి లేకపోతే రక్తదానాన్ని అంశంగా తీసుకోండి. రక్తానికి డబ్బు చెల్లిస్తే దాని సురక్షితత్వమూ దెబ్బతింటుంది, ఇచ్చే గుణమూ దెబ్బతింటుందని బ్రిటిష్ సామాజిక పరిశోధకుడు రిచర్డ్ టిట్మస్ 1970లో వాదించగా, 1972లో కెన్నెత్ ఆరో ఆ వాదాన్ని ప్రశ్నించాడు. మన దేశంలో సుప్రీంకోర్టు 1996 తీర్పును అనుసరించి 1998 జనవరి 1 నుంచి రక్తం అమ్ముకోవడం నిషిద్ధం. అయినా ఆపరేషన్ అనగానే బంధువులను "రీప్లేస్‌మెంట్" కోసం, అంటే రోగికి ఎక్కించే రక్తానికి బదులు రక్తం ఇవ్వడం కోసం, పరుగులు పెట్టించే అలవాటు పోలేదు. మొహమాటానికీ బంధుత్వానికీ తలవంచి ఇచ్చే రక్తం దానమా, చెల్లింపా అన్నది మంచి ప్రశ్న.

వీటన్నిటికీ అడ్డుపడేది రెడీమేడ్ ప్రాజెక్టుల వ్యాపారం. డబ్బు కడితే బైండింగుతో సహా చేతిలో పెట్టే షాపులు ఉండగా బెంచీ మీద కూర్చునే ఓపిక ఎవరికి ఉంటుంది? కాస్త నిజాయితీ ఉన్నవాళ్లు గూగుల్ ఫారం తయారుచేసి తరగతి వాట్సాప్ గుంపులో పడేస్తారు. ఇరవై రెండేళ్ల ఆరోగ్యవంతులు స్నేహితుడి కోసం రోగులై సంతృప్తి ప్రకటిస్తారు, వాటి మీద కై-స్క్వేర్ అనే గణాంక పరీక్ష కూడా జరిగిపోతుంది! దానికి తోడు తెలుగో చరిత్రో చదివినవారికి ఆసుపత్రిలో పనేమిటనే చులకన ఒకటి. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయిన కట్టమంచి రామలింగారెడ్డి గారు కవిత్వం మీదా రాశారు, అర్థశాస్త్రం మీదా రాశారు. ఆ ప్రాంగణం పక్కనే తిరుగుతూ ఈ గోడలు ఎందుకు కట్టుకున్నామో నాకు అర్థం కాదు.

మీ ప్రశ్నను ఇలా రాసుకుని చూడండి: "షుగరు రిపోర్టు వచ్చాక డాక్టరు దగ్గరికి తిరిగి రానివారు ఎందుకు రావడం లేదు, ఆసుపత్రి వేళలు, పరీక్ష ఎంపిక, ఇన్సులిన్ భయం ఇందులో ఏ మేరకు కారణాలు?" దీనికి రోగులతో మాట్లాడాలి కనుక, పరిశోధనలో వారికి అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చదవండి. చదవడం రాని వారి దగ్గర వేలిముద్ర తీసుకునేటప్పుడు మీ బృందానికి సంబంధం లేని సాక్షి ఉండాలి. కమిటీలు రోజూ కూర్చోవు, పైగా సమ్మతి పత్రం తెలుగులో లేకపోతే తిప్పి పంపుతారు, కాబట్టి సెమిస్టర్ మొదలయ్యే ముందే దరఖాస్తు ఇచ్చేయండి.