సంగీతం, విషం, తిండి: మూడింటిలోనూ పరిశోధన చేయొచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ బైపీసీ. చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. మెడిసిన్ వద్దు, పరిశోధనే చేస్తానంటోంది. కంప్యూటర్‌తో రాగాలను విశ్లేషించడం, టాక్సికాలజీ (విషాల శాస్త్రం), మనుషులు దేన్ని ఎందుకు తింటారో చెప్పే సైకాలజీ... మూడూ కావాలట. అలాంటి కోర్సు ఉందా? చివరికి ఉద్యోగం దొరుకుతుందా?
– ఒక తండ్రి

జవాబు: ఈ మూడూ కలిపి చెప్పే డిగ్రీ మన దగ్గర లేదు, దానికోసం వెతకొద్దు. అలాగని మీ అమ్మాయి ఆలోచనను తీసిపారేయకండి. వీటిలో రెండేసి కలిసే చోట్లు నిజంగానే ఉన్నాయి. 1955లో అమెరికా శాస్త్రవేత్త జాన్ గార్సియా, అతని సహచరులు ఎలుకలకు శాకరిన్ నీళ్లు తాగిస్తూ రేడియేషన్ ఇచ్చారు. ఒంట్లో బాగాలేకుండా పోయిన ఆ ఎలుకలు తర్వాత ఆ తీపినే ముట్టలేదు. విషప్రభావం తిండి ఇష్టాన్ని ఎలా మార్చేస్తుందో చూపిన ప్రయోగమది. 2004లో ఆక్స్‌ఫర్డ్‌లో జాంపినీ, స్పెన్స్ ఆలూ చిప్స్ కొరికే శబ్దాన్నే మార్చి హెడ్‌ఫోన్లలో వినిపించారు. హై ఫ్రీక్వెన్సీ పెంచితే అవే చిప్స్ మరింత కరకరలాడుతున్నాయని, తాజాగా ఉన్నాయని తిన్నవాళ్లు చెప్పారు. అది శబ్ద విశ్లేషణా, తిండి సైకాలజీనా? రెండూ.

అయితే ఇలాంటి పని పీహెచ్‌డీ దశలో మొదలవుతుంది. అక్కడిదాకా చేర్చే డిగ్రీ మాత్రం ఒక్క సబ్జెక్టులో గట్టిగా ఉండాలి. మూడు చోట్లా కొంచెం కొంచెం చదివినవాళ్లను ఏ ల్యాబూ తీసుకోదు. మీ అమ్మాయికి ఆ ఒక్క సబ్జెక్టు టాక్సికాలజీ అయితే బాగుంటుందన్నది మా అభిప్రాయం. బైపీసీ నుంచి నేరుగా వెళ్లే దారి అదే. దారి మధ్యలో ఎక్కడ ఆగినా ఉద్యోగాలున్నదీ దానికే. మూడో కారణం, మీరున్న జిల్లా.

నల్లగొండ ఫ్లోరైడ్ గురించి మీకు చెప్పాల్సిన పని లేదు. దానిమీద జరిగిన సైన్స్ మాత్రం అమ్మాయి చదవాలి. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దని, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా పర్వాలేదని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించారు. ప్రపంచమంతా దాన్ని నల్లగొండ టెక్నిక్ అనే పిలుస్తుంది. అందులో చిక్కేమిటంటే, పటిక మోతాదు, పీహెచ్ సరిగా చూసుకోకపోతే నీళ్లలో అల్యూమినియం మిగిలిపోతుంది. ఒక విషాన్ని తీయబోయి ఇంకోటి కలిపినట్టవుతుంది. ఇంకో సంగతి: జొన్న తిండి మీద ఉన్నవారి ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలుస్తుందా, అన్నం తినేవాళ్లలోనా అని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ, అంటే ఎన్ఐఎన్, పోల్చి చూసింది. జొన్న తిన్నవాళ్లలో ఎక్కువ నిలిచినట్టు తేలింది. కంచంలో ఏముందన్నదాన్ని బట్టి విషం తీవ్రత మారుతుందన్నమాట. మీ అమ్మాయి అడుగుతున్న ప్రశ్నలకు ఇంతకంటే దగ్గరి పని ఎక్కడుంది?

మహబూబ్‌నగర్ వైపు కల్తీ కల్లు ఇంకో ఉదాహరణ. అల్ప్రజోలం, డైజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన కల్లుకు అలవాటుపడ్డవాళ్లు అది ఒక్కసారిగా దొరక్కపోతే వణుకు, మూర్ఛలు, మతిభ్రమతో ఆసుపత్రికి వస్తారు. ఆ శాంపిళ్లలో ఏముందో తేల్చేది టాక్సికాలజీ, కెమిస్ట్రీ చదివినవాళ్లే. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబ్‌లో టాక్సికాలజీకి ప్రత్యేక విభాగమే ఉంది.

దారులు రెండు. మొదటిది బీఫార్మసీ. ఈఏపీసెట్ బైపీసీ ర్యాంకుతో సీటొస్తుంది, నాలుగేళ్లు. తర్వాత జీప్యాట్‌లో (ఫార్మసీ పీజీ అర్హత పరీక్ష) అర్హత సాధించి నైపర్ (జాతీయ ఫార్మసీ విద్యా పరిశోధన సంస్థ) ప్రవేశ పరీక్ష రాస్తే, హైదరాబాద్ బాలానగర్‌లోని నైపర్‌లో ఫార్మకాలజీ అండ్ టాక్సికాలజీలో ఎంఎస్ ఫార్మ్ చేయొచ్చు. రెండోది దోస్త్ (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాలు) ద్వారా బీఎస్సీ. బయోకెమిస్ట్రీ, జువాలజీ, కెమిస్ట్రీ ఉన్న గ్రూపు ఎంచుకోండి. తర్వాత ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ, లేదా ఎన్ఐఎన్‌లో ఎమ్మెస్సీ అప్లైడ్ న్యూట్రిషన్. తిండి వైపు మనసు ఎక్కువగా ఉంటే ఈ రెండో దారి మేలు. బీఎస్సీ చేసి తర్వాత నైపర్ ఫార్మకాలజీలో చేరదామనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఆ సీటు మామూలు బీఎస్సీ వాళ్లకు ఇవ్వరు. అందుకే ఈ నిర్ణయం ఇప్పుడే జరగాలి.

సంగీతం సంగతికొస్తే, అక్కడ అడ్డం మ్యాథ్స్. ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ (శబ్దాన్ని అందులోని ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్క), లాగరిథమ్‌లు, మ్యాట్రిక్స్‌లు, ప్రాబబిలిటీ రాకుండా రాగ విశ్లేషణ ముందుకు సాగదు. ఇంటర్ బోర్డు బైపీసీ వాళ్లకోసం బ్రిడ్జ్ కోర్స్ మ్యాథ్స్ పేపర్ పెడుతోంది, కాలేజీలో ఈ వారమే అడగండి. ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్‌లో ఇంటర్ ఏ గ్రూపు చదివినా చేరొచ్చు. పదో తరగతిలో మ్యాథ్స్, ఇంగ్లిష్ ఉండి, వాళ్ల క్వాలిఫయర్ గట్టెక్కితే చాలు. రెగ్యులర్ డిగ్రీతో పాటు ఆన్‌లైన్ డిగ్రీ చేయడానికి యూజీసీ 2022 నుంచి అనుమతిస్తోంది. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు రాయితీ కూడా ఉంది. బీఫార్మసీతో కలిపి మొత్తం లాగడం కష్టం, ఫౌండేషన్ స్థాయి పూర్తిచేసినా పైథాన్ ప్రోగ్రామింగ్, స్టాటిస్టిక్స్ చేతికొస్తాయి.

ఆసక్తి ఎంత గట్టిదో తెలుసుకోవడానికి ఇంట్లోనే ఒక పని చేయించండి. తంబుర శ్రుతి పెట్టుకుని మాయామాళవగౌళలో సరళీ వరసలు పాడి రికార్డు చేయాలి. ఫైలు వావ్ ఫార్మాట్‌లో, 44,100 హెర్ట్జ్, 16 బిట్, మోనో. నిమిషానికి 5 ఎంబీ చిల్లర అవుతుంది. ఫోన్‌లో నాయిస్ తగ్గించే సెట్టింగ్ ఆపేయాలి, లేకపోతే అది తంబురను రొద అనుకుని కోసేస్తుంది, గొంతునూ పాడుచేస్తుంది. తర్వాత పైథాన్‌లో లిబ్రోసా అనే శబ్ద విశ్లేషణ లైబ్రరీతో స్వరాల ఫ్రీక్వెన్సీని తీయాలి. అమ్మాయి ఐదున్నర శ్రుతిలో పాడితే షడ్జమం సుమారు 208 హెర్ట్జ్. ప్రతి ఫ్రీక్వెన్సీనీ దాంతో భాగించి, బేస్ 2 లాగరిథమ్ తీసి, 1200తో గుణిస్తే సెంట్లు (స్వరాల మధ్య దూరానికి కొలత) వస్తాయి. పంచమం 702 దగ్గర కనబడాలి. గ్రాఫ్ మధ్యలో ఉన్నట్టుండి 1200 సెంట్ల గెంతు, అంటే ఒక పూర్తి స్థాయి, వచ్చిందంటే అది గమకం కాదు, ప్రోగ్రాం స్థాయిని పొరబడింది. షడ్జమాన్ని తప్పుగా ఇస్తే గ్రాఫ్ అందంగానే వస్తుంది కానీ రాగమే మారిపోతుంది. ఆ తప్పును మీ అమ్మాయి చెవి పట్టేస్తుంది. సంగీతం రాని ఇంజినీరుకు లేనిది అదే. ఇదే తరహా పనిని బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా యూనివర్సిటీ కాంప్‌మ్యూజిక్ ప్రాజెక్టులో కర్ణాటక, హిందుస్తానీ సంగీతాల మీద పెద్ద ఎత్తున చేసింది, ఐఐటీ మద్రాస్ అందులో భాగస్వామి. పాలమూరు పన్నెండు మెట్ల కిన్నెర లాంటి వాద్యాల మీద ఇలాంటి కొలతలు ఎవరైనా చేస్తే బాగుండునని మాకు ఎప్పటినుంచో ఉంది.

తిండి సైకాలజీకి ఇప్పుడు విడిగా డిగ్రీ అక్కర్లేదు. ప్రయోగం ఎలా వేయాలో నేర్చుకుంటే చాలు. 9 పాయింట్ల ఇష్టాల స్కేలు, శాంపిళ్లకు పేర్లకు బదులు మూడంకెల కోడ్‌లు, ఒక్కొక్కరికి ఒక్కో వరసలో వడ్డించడం, మధ్యలో నీళ్లతో నోరు పుక్కిలించడం. వరస మార్చకపోతే ఆకలి మీద తిన్న మొదటి శాంపిలే గెలిచే ప్రమాదం ఉంది. స్కూలు పిల్లల మీద చేయాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి. ఏడేళ్లు నిండిన పిల్లలైతే వాళ్ల సమ్మతి కూడా.

కంప్యూటర్, టాక్సికాలజీ కలిసే ఇంకో పని కూడా ఉంది. రసాయనం నిర్మాణాన్ని చూసి అది విషమో కాదో అంచనా వేయడం. అమెరికా టాక్స్21 కార్యక్రమం సుమారు 10 వేల రసాయనాల డేటాను అందరికీ ఇచ్చింది. దాంతో మొదలుపెట్టినవాళ్లు 95 శాతం కచ్చితత్వం వచ్చిందని సంబరపడతారు. విషపూరితమైనవి నూటికి అయిదే ఉంటే, అన్నింటినీ మంచివే అన్నా ఆ 95 వచ్చేస్తుంది. విషాల్లో ఎన్నింటిని పట్టుకుందన్నదే అడగాలి.

డబ్బు, కాలం గురించి. బీఫార్మసీ దారిలో పీహెచ్‌డీ పూర్తయ్యేసరికి సుమారు 11 ఏళ్లు, అంటే అమ్మాయికి 28 వస్తాయి. ఇది ముందే ఇంట్లో అందరూ ఒప్పుకోవాలి, మధ్యలో పెళ్లి ఒత్తిడితో ఆపేస్తే అమ్మాయికే నష్టం. పీహెచ్‌డీకి మీరు డబ్బు పెట్టనక్కర్లేదు. సీఎస్ఐఆర్ జేఆర్ఎఫ్ (కేంద్రం ఇచ్చే పరిశోధన ఫెలోషిప్) వస్తే 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు, హెచ్ఆర్ఏ అదనం. అంతకు ముందే ఆగాల్సివస్తే ఫార్మా కంపెనీల భద్రతా పరీక్షల ల్యాబ్‌లు, ఫోరెన్సిక్, ఆహార పరీక్షల ల్యాబ్‌లు ఉన్నాయి. సంగీత విశ్లేషణకు అలాంటి ఉద్యోగాలు ఇక్కడ బాగా తక్కువ. ఉన్నా కంప్యూటర్స్ చదివినవాళ్లకే పోతాయి.

డిగ్రీ రెండో ఏడు నుంచి వేసవి ఇంటర్న్‌షిప్‌లకు మెయిళ్లు రాయాలి. ఒకే మెయిల్ యాభై మందికి పంపితే ఎవరూ చదవరు. ఆ ప్రొఫెసర్ పేపర్ ఒకటి పూర్తిగా చదివి, దానిమీద ఒక ప్రశ్న, తను చేసిన ఒక గ్రాఫ్ జతచేసి పది వాక్యాల్లో ముగించాలి. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేసి, తర్వాతి ల్యాబ్‌కు వెళ్లాలి.