అమ్మాయి బ్యాగులో ప్రేమ నవల దొరికింది, లాగేసుకోవాలా?

గుంటూరు నుంచి ఒకమ్మ రాశారు. పాప ఇంటర్ ఫస్టియర్ బైపీసీ, దాంతోపాటే నీట్ కోచింగ్, పొద్దున్నే వెళ్తే చీకటి పడ్డాకే ఇంటికి రావడం. బ్యాగు సర్దుతుంటే జెన్నీ హాన్ రాసిన 'టు ఆల్ ద బాయ్స్ ఐ హావ్ లవ్డ్ బిఫోర్' అనే ఇంగ్లీషు నవల దొరికిందంట, ఆ పేరు చూడగానే ఆవిడకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. దాని కిందే రఫ్ నోట్సు, చివరి పేజీల్లో ఎవరో అబ్బాయికి రాసిన ఉత్తరం, పేరు లేదు, పంపినట్టు కూడా లేదు. ఆవిడ మొత్తం చదివేసి ఎక్కడిది అక్కడ పెట్టేశారు. ఇప్పుడు పుస్తకం లాగేసుకోవాలా, వాళ్ళ నాన్నకి చెప్పాలా (చెప్తే ముందు పగిలేది ఫోనేనంట), పైగా పుట్టినరోజుకి ఈ సిరీస్‌లో రెండో పుస్తకం కొనిపెట్టమంటోంది, కొనాలా వద్దా అని అడుగుతున్నారు.

చూడండమ్మా, అట్ట మీద పేరు చూసి భయపడ్డారు గానీ లోపల కథ మీరనుకున్నది కాదు. 2014లో వచ్చిన నవల ఇది, 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో సినిమాగా కూడా వచ్చింది. అమెరికాలో వర్జీనియాలో ఉండే లారా జీన్ అనే పదహారేళ్ళ పిల్ల, వాళ్ళమ్మ కొరియన్ మూలాలున్న మనిషి, ఈ పిల్ల చిన్నప్పుడే చనిపోయింది, నాన్న గైనకాలజిస్టు, తనతో కలిపి ముగ్గురు అక్కచెల్లెళ్ళు. ఈ పిల్లకి ఎవరి మీదైనా ఇష్టం కలిగితే దాన్ని మనసులోంచి వదిలించుకోడానికి ఒక ఉత్తరం రాసి, వాళ్ళమ్మ ఇచ్చిన టోపీల పెట్టెలో దాచేసుకుంటుంది, అంతే, పంపదు. అలా ఐదుగురికి ఐదు. ఒకరోజు ఆ ఐదూ పోస్టులో వెళ్ళిపోతాయి (ఎవరు వేశారో నేను చెప్పను, మీరే చదవండి). అందులో ఒకటి పక్కింటి జాష్‌కి, అతను మొన్నమొన్నటిదాకా వీళ్ళక్క మార్గో బాయ్‌ఫ్రెండ్. ఇక అతని ముందు తలెత్తుకోలేక, ఉత్తరం అందుకున్న ఇంకో అబ్బాయి పీటర్‌తో ప్రేమలో ఉన్నట్టు నాటకం మొదలుపెడుతుంది, అతనికీ తన పాత గర్ల్‌ఫ్రెండ్‌ని ఉడికించాలని ఉంటుంది కాబట్టి సరే అంటాడు. ఇద్దరూ కూర్చుని కాగితం మీద షరతులు రాసుకుంటారు, రోజూ ఆమెకో చీటీ రాయాలి అనేది అందులో ఒకటి. ఆ చీటీలతోనే నాటకం కాస్తా నిజమవుతుంది, అది ముందే తెలిసిపోతుంది మనకి, అయినా బోర్ కొట్టదు.

నాకు ఈ పుస్తకంలో నచ్చింది పీటర్ కాదు, ఆ ఇల్లు. పెద్దది మార్గో స్కాట్లాండ్‌కి చదువుకోడానికి వెళ్ళిపోతే రెండోదైన లారా జీన్ మీద ఇంటి భారం పడుతుంది, చెల్లెలు కిట్టీ మహా గడుగ్గాయి, నాన్న మంచోడే గానీ ఆయనకి ఆడపిల్లల విషయాలు సగం అర్థం కావు. అక్క దగ్గర జాష్ విషయం దాచడం లారా జీన్‌ని కాల్చుకుతింటుంది, పీటర్‌తో ఉన్న సీన్లకంటే అక్కచెల్లెళ్ళు మాట్లాడుకోలేకపోయే సీన్లే నాకు ఎక్కువ గుర్తున్నాయి. ఇంకోటి, ఈ పిల్లకి ప్రేమంటే ఇష్టం, కానీ మనసులో ఉన్నంతవరకే, ఎదురుగా మనిషి వచ్చి నిలబడితే హడలిపోతుంది. పదహారేళ్ళకి చాలామంది పిల్లలు సరిగ్గా అక్కడే ఉంటారమ్మా. మీ పాప ఉత్తరం పంపలేదని మీరే రాశారు కదా, అది దాచిపెట్టడం కాకపోవచ్చు, పంపాలని అసలు అనుకోకపోవడం కూడా అయ్యుండొచ్చు. నవల చదివి తనూ అలా రాసి చూసుకుందేమో, ఆ అబ్బాయి అసలు ఉన్నాడో లేడో కూడా మనకి తెలీదు.

లోపాలు లేవా అంటే బోలెడు. లారా జీన్ ఒక్కోచోట పదహారేళ్ళ పిల్లలా కాకుండా పదకొండేళ్ళ పిల్లలా ఉంటుంది. పీటర్ పాత గర్ల్‌ఫ్రెండ్ జెనవీవ్‌ని ఉత్త విలన్‌ని చేసి వదిలేశారు, ఆ పిల్ల అలా ఎందుకుందో ఈ పుస్తకంలో పెద్దగా చెప్పరు. పీటరేమో లారా జీన్‌తో తిరుగుతూనే జెనవీవ్ ఫోన్ చేస్తే వెళ్తాడు, అది రచయిత్రికి కోపం తెప్పించాల్సినంత తెప్పించలేదని నా ఫీలింగ్. చదువుల ఒత్తిడి, డబ్బుల ఇబ్బంది పెద్దగా కనపడవు, వీక్లీ టెస్టులో ర్యాంకు తగ్గితే ఇంట్లో మొహాలు మాడ్చుకునే మన పిల్లలకి ఆ జీవితం వేరే గ్రహంలా ఉంటుంది, బహుశా అందుకే చదువుతారు కూడా. చివరికి కథ ముగియదు, లారా జీన్ పెన్ను చేతిలోకి తీసుకున్న దగ్గర ఆపేస్తారు.

నిజంగా మీరు పాపతో మాట్లాడాల్సింది ఒకటుంది. నవలలో స్కూల్ వాళ్ళు స్కీయింగ్ ట్రిప్‌కి తీసుకెళ్తారు, అక్కడ హాట్ టబ్‌లో (వేడినీళ్ళ తొట్టి) లారా జీన్, పీటర్ ముద్దు పెట్టుకుంటే తెల్లారేసరికి ఇంకేదో జరిగిపోయిందని పుకారు పుడుతుంది. పీటర్ దాన్ని గట్టిగా కాదనడు, పేరు పోయేది అమ్మాయికే. రెండో పుస్తకం 'పీ.ఎస్. ఐ స్టిల్ లవ్ యూ'లో ఆ హాట్ టబ్ వీడియో ఇన్‌స్టాగ్రామ్‌లోకి ఎక్కుతుంది. నవలలో అది కొన్ని చాప్టర్ల బాధ, మన ఊళ్ళల్లో అంతటితో ఆగదని మీకు తెలుసు. అందుకే ఆ పుస్తకం వద్దనకుండా కొనిపెట్టండి, మీరూ చదవండి, ఆ చాప్టర్ దగ్గరికి వచ్చాక "నీ ఫ్రెండుకి ఇలా జరిగితే మీరేం చేస్తారే?" అని మామూలుగా అడగండి. తన గురించి అడిగితే తలుపేసుకుంటుంది, ఫ్రెండు గురించి అడిగితే గంట మాట్లాడుతుంది. మాటల్లో మాటగా 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు చెప్పండి, ఎవరైనా ఫొటో పెట్టి బెదిరిస్తే ముందు అమ్మకి చెప్పొచ్చు, అమ్మ కొట్టదు అనేది కూడా చెప్పండి. నంబరు కంటే ఆ రెండో మాటే దానికి ఎక్కువ అవసరం.

ఇక ఆ నోట్సు సంగతి. కోపం వచ్చినా రాకపోయినా చెప్తున్నా, ఈ మొత్తంలో తప్పు జరిగింది అక్కడే. ఎవరూ చదవకూడదని రాసుకున్నది ఇంకొకరి కళ్ళపడడమే కదా లారా జీన్ కష్టాలన్నిటికీ మొదలు. పాపకి చెప్పేయండి, ఒక్క ముక్కలో: "బ్యాగు సర్దుతుంటే నీ నోట్సు చూశాను, చదవకుండా ఉండాల్సింది, ఇంకెప్పుడూ ముట్టుకోను." అక్కడితో ఆపాలి, "ఇంతకీ ఎవడే వాడు" అని మాత్రం అడక్కండి. ఏడుస్తుంది, రెండు రోజులు మాట్లాడదు, భరించండి. చెప్పకుండా ఉంటే ఎప్పుడో గొడవలో మీ నోటి నుంచి ఆ ఉత్తరంలో మాటే జారుతుంది, అప్పుడు ఇక ఏదీ మీతో చెప్పదు.

వాళ్ళ నాన్నకి ఏం చెప్తారు? కూతురు ఒక నవల చదివింది, ఒక కాగితం మీద ఏదో రాసుకుంది, ఇంతే కదా మీ దగ్గర ఉన్నది. దీనికి ఫోన్ పగలడం దేనికి. కానీ తిండి మానేసినా, అర్ధరాత్రి దాకా ఎవరితోనో చాటింగ్ చేస్తూ మీరు రాగానే స్క్రీన్ తిప్పేసినా, తనకంటే బాగా పెద్దవాడు ఎవడో వెంటపడుతున్నాడని తెలిసినా అప్పుడు ఆగకండి, ఇద్దరూ కలిసి కూర్చుని మాట్లాడండి, కౌన్సెలర్ దగ్గరికీ తీసుకెళ్ళండి. ఆ లక్షణాలేవీ మీ ఉత్తరంలో లేవు, మార్కులు కూడా తగ్గలేదని రాశారు.

మీరే ఇంకో మాట రాశారు, ఇంటర్లో ఉన్నప్పుడు అద్దె లైబ్రరీ నుంచి యద్దనపూడి సులోచనారాణి గారి నవలలు తెచ్చుకుని బోటనీ రికార్డులో పెట్టుకుని చదివేదాన్ని అని. ఆ ఆరడుగుల హీరోల్ని, కార్లని, కోపాల్ని చదివి మీరేమైనా పాడైపోయారా? ఆ సంగతి పాపకి చెప్పండి, మీ అమ్మ చేతికి దొరికిపోయిన రోజు ఉంటే అదీ చెప్పండి. ఆ తర్వాత "జాషా, పీటరా, నీకెవరు నచ్చారు?" అని అడగండి, నాకు మాత్రం ఇద్దరూ అంతంతమాత్రమే.

పుట్టినరోజుకి రెండోదొక్కటే కాదు, 2017లో వచ్చిన మూడోది కూడా కలిపి కొనండి, అందులో లారా జీన్ ఇంటర్ అయిపోయిన పిల్లలాగా కాలేజీ సీట్ల టెన్షన్‌లో ఉంటుంది, కోరుకున్న యూనివర్సిటీలో సీటు రాదు, అయినా బతుకుతుంది. నీట్ రాసే పిల్లకి ఆ పుస్తకం పనికొస్తుంది, వాళ్ళ నాన్నకి కూడా. కాకపోతే రోజూ పడుకునే ముందు అరగంట అని మాట తీసుకోండి, లేకపోతే రెండు రాత్రుల్లో రెండూ లాగించేస్తారు, ఇద్దరూ.