పాత లారీ టైర్లతో ఏం చేయాలి: నూనె తీయాలా, పొడి చేయాలా?

మీరు అడిగింది ఇది: నాన్నగారికి లారీ టైర్ల రీట్రేడింగ్ షాపు, అంటే అరిగిన టైరుకి కొత్త పైపొర వేసే షాపు ఉంది, రీట్రేడింగ్‌కి కూడా పనికిరాని టైర్లు వెనక గుట్టలుగా పడి ఉన్నాయి, మెషీన్లు అమ్మేవాళ్లు టైర్లను వేడి చేసి నూనె తీసే పైరోలిసిస్ ప్లాంటు పెట్టమంటున్నారు, పెట్టవచ్చా అని. నేను మొదట ఒక పైరోలిసిస్ యూనిట్లో షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా చేశాను. ఆ తర్వాత క్రంబ్ రబ్బర్, అంటే రబ్బరు పొడి తయారుచేసే ఫ్యాక్టరీకి మారాను. రెండు పనులూ దగ్గరుండి చూశాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను, పైరోలిసిస్ వైపు వెళ్లకండి. పొడి చేసే పనికే రండి. అయితే మెషీన్ కొనకముందే ఆ పొడి ఎవరు కొంటారో తేల్చుకోండి.

పైరోలిసిస్‌లో టైర్లను గాలి చొరబడని ఇనుప డ్రమ్ములో మూసి 400 నుంచి 500 డిగ్రీల దాకా వేడి చేస్తారు. రబ్బరు ఆవిరవుతుంది, ఆ ఆవిరి చల్లబడితే నూనె వస్తుంది. టైరు బరువులో సుమారు 40 శాతం నూనె, దాదాపు మూడో వంతు నల్లటి కార్బన్ పొడి, మిగిలింది ఇనుప తీగ, గ్యాస్. లెక్క వేసి చూపిస్తే చాలా బాగుంటుంది. కానీ ఆ నూనెలో గంధకం ఉంటుంది, అందుకే ఆ నూనె ఎక్కువగా ఫర్నేస్‌లలో మండించడానికే పోతుంది. కార్బన్‌ని ‘కార్బన్ బ్లాక్’ అని చెప్పి అమ్మవచ్చంటారు. అందులో బూడిద ఎక్కువ, మళ్లీ శుద్ధి చేయకుండా మంచి రబ్బరు కంపెనీలు తీసుకోవు.

అసలు సమస్య మనుషులది. బ్యాచ్ ప్లాంటులో, అంటే ఒక్కో లోడు నింపి, వేడి చేసి, దించే ప్లాంటులో, ప్రతిసారీ డ్రమ్ము పూర్తిగా చల్లారాకే తలుపు తీయాలి. రోజుకి ఇంకో లోడు ఎక్కించాలన్న తొందరలో ముందే తీస్తారు. లోపల మిగిలిన గ్యాస్‌కి గాలి తగిలితే మంట బయటికి కొడుతుంది. నేను పనిచేసిన చోట ఒక కుర్రాడి చేతులు అలాగే కాలాయి. కార్బన్ దించేవాళ్లకి మాస్కులు ఉండేవి కావు, ముఖానికి తువ్వాలు చుట్టుకునేవాళ్లు. దగ్గితే నల్లగా పడేది. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. కార్బన్ బయటికి రాకుండా మూసిన గొట్టాల్లో నడిచే కంటిన్యుయస్ ప్లాంట్లు ఉన్నాయి, అవి వేరే సంగతి. వాటికయ్యే పెట్టుబడి ఒక షాపు మీద బతికే కుటుంబానికి సాధ్యపడదు.

ఇక పొడి సంగతి. టైరు రబ్బరు ప్లాస్టిక్ లాగా కరిగించి మళ్లీ పోత పోసేది కాదు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టిన పద్ధతిలో, గంధకం కలిపి వేడి చేస్తే రబ్బరు అణువుల గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడిపోతాయి. టైరు అంత గట్టిగా ఉండేది అందుకే, మళ్లీ వాడుకోవడం అంత కష్టమయ్యేదీ అందుకే. కాబట్టి దాన్ని ముక్కలు చేసి, పొడి చేసి వాడతాం. లేదా ఆ పొడిని నూనెలు, రసాయనాలతో ఆవిరిలో ఉడికించి, రోలర్ల మీద షీటుగా లాగి రీక్లెయిమ్ రబ్బర్ చేస్తాం. మ్యాట్లు, సైకిల్ టైర్లు, హోస్ పైపుల్లో అది కలుస్తుంది.

మీ చేతిలో ఇప్పటికే ఒక మంచి సరుకు ఉంది, దాని గురించి మీరు రాయనే లేదు. రీట్రేడింగ్ చేసేటప్పుడు పాత ట్రెడ్‌ని, అంటే రోడ్డుకి తగిలే పైపొరని, గీకితే వచ్చే బఫింగ్ పొట్టు. అందులో సాధారణంగా ఇనుము ఉండదు, నైలాన్ పీచు ఉండదు, అంతా ట్రెడ్ రబ్బరే. మా ఫ్యాక్టరీకి రోజూ వచ్చే ముడిసరుకులో మేం ముందు అడిగేది అదే. మట్టి, తడి తగలకుండా సంచుల్లో కట్టి, చుట్టుపక్కల రీట్రేడింగ్ షాపుల దగ్గర కూడా పోగుచేయండి. పెద్ద మెషీన్ లేకుండానే వ్యాపారం మొదలవుతుంది, కొనేవాళ్లతో పరిచయమూ పెరుగుతుంది.

పూర్తి టైరు దగ్గరికొస్తే, పాత తరహా నైలాన్ పీచు టైరు, లోపల ఇనుప తీగ పొరలుండే స్టీల్ రేడియల్ టైరు రెండూ ఒకే గుట్టలో వేయకండి. రేడియల్‌లో తీగ ఎక్కువ, బ్లేడ్లు త్వరగా అరిగిపోతాయి. నైలాన్ టైరులో తీగ బీడు దగ్గరే, అంటే రిమ్ముని పట్టుకునే అంచు దగ్గరే ఉంటుంది, దాన్ని ముందే లాగేస్తే కోత తేలిక. కానీ పీచు దూదిలా ఎగురుతూ పొడిలో కలుస్తుంది, గాలితో, జల్లెడతో వేరు చేయాలి. నాలుగు అయస్కాంతాలు దాటి వచ్చిన పొడిలో కూడా సన్నటి తీగ ముక్క దొరికితే, కొన్నవాడు లోడంతా వెనక్కి పంపిస్తాడు. లాభం, నష్టం ఇక్కడే తేలతాయి.

సైజు కూడా ముందే తెలియాలి. రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల గుళికలు జిమ్ మ్యాట్లకు, పిల్లల ఆటస్థలాల టైల్స్‌కి పోతాయి. 30 మెష్ (మెష్ అంటే జల్లెడ కన్నాల లెక్క, అంకె పెరిగేకొద్దీ పొడి సన్నం), అంటే సుమారు 0.6 మిల్లీమీటర్ల పొడి, రోడ్డు తారులో కలపడానికీ రీక్లెయిమ్‌కీ పోతుంది. 80 మెష్ పొడిని ఎక్కువగా కొత్త రబ్బరు సామాన్లలో కలుపుతారు, ధర ఎక్కువే, కరెంటు బిల్లూ ఎక్కువే. తారుకైతే మామూలు వేడిలో రోలర్ల మధ్య నలిగిన గరుకు పొడి బాగా పట్టుకుంటుంది. ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించి పగలగొట్టిన పొడి నున్నగా ఉంటుంది, ఆ పనికి అంత ఖర్చు అక్కర్లేదు.

ఒక జాగ్రత్త. మిల్లులోంచి వచ్చిన పొడి వేడిగా ఉంటుంది. చల్లారకుండా జంబో బ్యాగుల్లో నింపి పేర్చితే లోపలి వేడి బయటికి పోక దానంతట అదే అంటుకోవచ్చు. టైర్ల గుట్టల మధ్య దారి వదలండి, నీళ్లు నిలవకుండా కప్పు వేయండి. నిలిచిన నీళ్లలోనే డెంగీ దోమలు పెరుగుతాయి, షాపు పక్కన ఇళ్లున్నాయని రాశారు కదా.

కాగితాల పని చూస్తే, కాలుష్య నియంత్రణ మండలి నుంచి ముందు సీఎఫ్‌ఈ (యూనిట్ పెట్టడానికి అనుమతి), తర్వాత సీఎఫ్‌ఓ (నడపడానికి అనుమతి) తీసుకోవాలి. 2022 జూలై 21న కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం టైర్ల కంపెనీలు పాత టైర్ల రీసైక్లింగ్ బాధ్యత తీసుకోవాలి. 2022–23లో 35 శాతం, మరుసటి ఏడాది 70, ఆపైన 100 శాతం అని పెట్టారు. ఆ లెక్క చూపించడానికి వాళ్లు రిజిస్టరైన రీసైక్లర్ల దగ్గర సర్టిఫికెట్లు కొంటారు, ఏ సరుకు తయారుచేస్తే ఎంత లెక్కకొస్తుందో వేరువేరుగా ఉంటుంది. యూనిట్ పెట్టే ముందే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్లో రిజిస్ట్రేషన్ సంగతి చూసుకోండి. ఆ ఆదాయాన్ని మాత్రం మొదటి ఏడాది బ్యాంకు కిస్తీల లెక్కలో వేసుకోవద్దు, సర్టిఫికెట్ ధర మీ చేతిలో ఉండదు.

మీ గుట్టలో నైలాన్ ఎంత, రేడియల్ ఎంత, నెలకి బఫింగ్ పొట్టు ఎంత వస్తుందో కాటా వేయించి రాయండి. దాన్నిబట్టి ఏ సైజు కట్టర్ సరిపోతుందో చెబుతాను.