గేమింగ్ కంప్యూటర్‌లో మొదట మార్చబోయే భాగం ఏదో తేల్చుకోండి, మిగతావి దానికి తగ్గట్టు కొనండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ: ఇంజినీరింగ్‌లో చేరిన తమ్ముడికి మానిటర్ కాకుండా 60,000 రూపాయల్లో గేమింగ్ కంప్యూటర్ కావాలి. రెండేళ్ల తరవాత కొత్త భాగాలు వేసుకునే వీలుండాలి. విశాఖ ద్వారకానగర్‌లోని దుకాణం వారు ఇంటెల్ ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, హెచ్610 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్, 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు, రంగు దీపాల గాజు క్యాబినెట్, దానితోనే వచ్చే 500 వాట్ల ఎస్ఎంపీఎస్ (భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె) రాసిచ్చారు. తీసుకోవచ్చా అని అడిగారు.

ఈరోజు ఆడుకోవడానికి ఆ జాబితా బాగానే ఉంది. రెండేళ్ల తరవాత దానిలో ఏదైనా మార్చాలంటే మాత్రం చిక్కే. గేమింగ్ కంప్యూటర్‌లో దాదాపు ఎప్పుడూ మొదట మారేది గ్రాఫిక్స్ కార్డు. దాని తరవాతే ప్రాసెసర్. కార్డు మారాలంటే ఎస్ఎంపీఎస్‌కు సత్తా, క్యాబినెట్‌లో చోటు కావాలి. ప్రాసెసర్ మారాలంటే మదర్‌బోర్డు మీద అది కూర్చునే సాకెట్‌కు ఇంకా ఆయుష్షు ఉండాలి, అంటే దానికి కొత్త ప్రాసెసర్లు వస్తూ ఉండాలి. మీ జాబితాలో డబ్బు తగ్గించింది సరిగ్గా ఈ మూడింటి దగ్గరే.

ఇది నేను సొంత అనుభవంతో చెబుతున్నాను. 2019లో నేను అసెంబుల్ చేయించుకున్నప్పుడు ఏఎండీ కంపెనీ రైజెన్ 5 2600 ప్రాసెసర్, బి450 బోర్డు, జీటీఎక్స్ 1650 కార్డు తీసుకున్నాను. ఆ కార్డు వాడేది 75 వాట్లు. బోర్డు స్లాటు నుంచే తీసుకుంటుంది, విడిగా తీగ కూడా అక్కర్లేదు. అయినా పేరున్న కంపెనీ 550 వాట్ల ఎస్ఎంపీఎస్ అడిగాను. ఇంత చిన్న కార్డుకు అది దండగ అని దుకాణంలో నచ్చజెప్పబోయారు. తరవాత 132 వాట్ల ఆర్‌ఎక్స్ 6600 కొన్నప్పుడు పాత కార్డు తీసి కొత్తది పెట్టి, అదే ఎస్ఎంపీఎస్ తీగ తగిలించాను, అంతే. ఆ పైన 2600 తీసేసి రైజెన్ 7 5700ఎక్స్ వేశాను. బోర్డు, ర్యామ్, క్యాబినెట్, ఎస్ఎంపీఎస్ అన్నీ పాతవే. 2018 నాటి బోర్డులో 2022 నాటి ప్రాసెసర్ నడుస్తోందంటే ఆ ఏఎం4 సాకెట్ అన్నాళ్లు బతకడమే కారణం. ప్రాసెసర్ మార్చే ముందు, పాతది బోర్డులో ఉండగానే బయోస్ (బోర్డును నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలి. ఈ పని తరవాత చేద్దామనుకుంటే బోర్డు కొత్త ప్రాసెసర్‌ను గుర్తించదు. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ ఎక్కించే బటన్ కొన్ని బోర్డులకు ఉంటుంది. మీరు కొనేదానికి అది ఉందేమో చూడండి.

ఇక మీ జాబితా. 12400ఎఫ్ మంచి ప్రాసెసరే. కానీ దాని ఎల్‌జీఏ1700 సాకెట్ 12, 13, 14 తరాలతో ఆగిపోయింది. 2024లో వచ్చిన కోర్ అల్ట్రాలకు ఇంటెల్ వేరే సాకెట్ పెట్టింది. కాబట్టి మీ బోర్డుకు ఇక ఎదుగూ బొదుగూ లేదు. 14వ తరం ఐ7 వేద్దామన్నా, హెచ్610 బోర్డుల్లో చాలావాటికి అంత ప్రాసెసర్‌కు నిలకడగా కరెంటు అందించే సత్తా ఉండదు. ఏఎండీ వారి ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది. 2027 వరకు, ఆ పైన కూడా దానికి ప్రాసెసర్లు తెస్తామని ఏఎండీ చెప్పింది. అందుకే మీకు ఆ సాకెట్ ఉన్న బి650 బోర్డు, రైజెన్ 5 7500ఎఫ్ లేదా 7600 నా సలహా.

రెండింట్లో డబ్బు సరిపోతే 7600 వైపే మొగ్గుతాను. దానిలో చిన్న గ్రాఫిక్స్ ఉంటుంది, 7500ఎఫ్‌లో ఉండదు. ఆటలకు అది చాలదు. కానీ కార్డు పాడై వారంటీకి వెళ్లిన రోజుల్లో దాని విలువ తెలుస్తుంది. నా 1650 ఒకసారి వారంటీ కింద ఊరు దాటి వెళ్లి కొన్ని వారాలకు గానీ తిరిగి రాలేదు. 2600లో గ్రాఫిక్స్ లేదు కనుక అన్నాళ్లూ కంప్యూటర్ తెరే వెలగలేదు. మీ తమ్ముడికి ప్రాజెక్టులు, ప్రోగ్రామింగ్ ఉంటాయి కదా, ఆటలు ఆగినా చదువు ఆగకూడదు. 7600 డబ్బాలో కూలర్ కూడా వస్తుంది.

ఒక హెచ్చరిక. 7500ఎఫ్ బదులు 8400ఎఫ్ ఇస్తామని, అంకె పెద్దది కనుక కొత్తదని చెప్పేవారు ఉంటారు. 7500ఎఫ్‌లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) 32 ఎంబీ, 8400ఎఫ్‌లో 16 ఎంబీ. ఆటల్లో ఆ తేడా కనిపిస్తుంది. పాత ఏఎం4లోనూ 5600, 5500 మధ్య ఇదే తేడా. ధర బాగా తక్కువైతే తప్ప ఒప్పుకోకండి.

డబ్బు ఎక్కడ తగ్గించాలి మరి? ఇప్పటికి ర్యామ్‌లో, గ్రాఫిక్స్ కార్డులో. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు చూస్తే గుండె గుభేలుమంటోంది. చిప్పులు తయారుచేసే కంపెనీలు ఏఐ డేటా సెంటర్ల వైపు మళ్లడమే అందుకు పెద్ద కారణం. అలాంటి కేంద్రాన్నే 1,500 కోట్ల డాలర్లతో మన విశాఖలో కడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. ఊరికి అది మంచి కబురే, కానీ ర్యామ్ కొనబోయే విద్యార్థికి ఈ కాలం కష్టకాలం. అందుకని డీడీఆర్5 రకం ర్యామ్ 16 జీబీది ఒక్కటే కొనండి. రెండు 8 జీబీలు వేస్తే వేగం ఇప్పుడు కొంత ఎక్కువే వస్తుంది గానీ, పెంచుకునేటప్పుడు ఆ రెండూ చేతిలో మిగిలిపోతాయి. నాలుగు స్లాట్లు ఉన్నాయి కదా, మరో రెండు చేర్చవచ్చు అనుకుంటే ఏఎం5లో నాలుగూ నింపినప్పుడు ర్యామ్ వేగం బాగా పడిపోతుంది. ఒకటి ఇప్పుడు, అచ్చం అలాంటిదే ఇంకొకటి ధరలు దిగాక. మోడల్ నంబరు రాసిపెట్టుకోండి.

కార్డు విషయంలో ఒక మెట్టు దిగండి, అయితే కార్డు మెమరీ 8 జీబీకి తగ్గవద్దు. 1080పీ (ఫుల్ హెచ్‌డీ) తెరకు ఆర్‌ఎక్స్ 6600 స్థాయి కార్డు ఇప్పటికీ చాలు. రెండేళ్లలో ఎలాగూ మారేది ఇదే.

ఎస్ఎంపీఎస్ గురించి మాత్రం దుకాణంలో గట్టిగా నిలబడండి. క్యాబినెట్‌తో వచ్చే 500 వాట్లలో నిజం ఎంతో దాని మీది చీటీయే చెబుతుంది. 12 వోల్టుల వరుసలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12తో గుణించండి. అక్కడ 25 ఉంటే వచ్చేది 300 వాట్లే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ప్రధానంగా బతికేది ఆ 12 వోల్టుల మీదే. పైగా కార్డులు క్షణకాలం తమ లెక్క కంటే చాలా ఎక్కువ లాగుతాయి. అలాంటి ఎస్ఎంపీఎస్ రాబోయే కార్డుకు ముందరికాళ్ల బంధమే. పేరున్న కంపెనీ 650 వాట్లు, కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉన్నది, ఐదేళ్ల వారంటీతో తీసుకోండి.

తుపాను రోజుల్లో మన కరెంటు సంగతి మీకు తెలిసిందే కనుక యూపీఎస్ కొనే ఆలోచన ఉండే ఉంటుంది. 600 వీఏ యూపీఎస్‌లు ఇచ్చేది సాధారణంగా 360 వాట్ల వరకే. ఆట మధ్యలో కరెంటు పోతే మానిటర్‌తో కలిపి అది మోయలేకపోవచ్చు. 1000 వీఏ అయితే నిశ్చింత. అంతకంటే ముందు ఆ గది ప్లగ్గుకు ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

గాజు ముఖం క్యాబినెట్ వద్దు. మీరు ఉండే గాజువాకలో పరిశ్రమల దుమ్ము, విశాఖ పాత నగరం వైపు పోర్టు బొగ్గు ధూళి, బీచ్ వైపు ఉప్పుగాలి. ముందువైపు జాలీ, తీసి కడుక్కునే ఫిల్టరు ఉన్నది ఎంచుకోండి. 300 మిల్లీమీటర్లకు మించిన కార్డు పడుతుందో లేదో అడగండి, మూడు ఫ్యాన్ల కార్డులు అంత పొడవు ఉంటాయి.

బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరు రాయించుకోండి. వారంటీకి దుకాణం వారే పంపుతారా, మీరే పంపుకోవాలా అన్నది డబ్బు కట్టకముందే తేల్చుకోండి. ఈ మార్పులతో వారు కొత్త జాబితా ఇస్తే బోర్డు, ఎస్ఎంపీఎస్ పూర్తి మోడల్ పేర్లు ఇక్కడ రాయండి. ఆ బోర్డు ఏయే ప్రాసెసర్లు తీసుకుంటుందో, ఏ బయోస్ కావాలో కంపెనీ పట్టికలో చూసి చెబుతాను.