ట్రేస్ బటన్ నొక్కే ముందు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన లోగో చూశాను. జేపెగ్‌ని ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ ప్రోగ్రామ్‌లో తెరిచి ఎస్‌వీజీ ఫైల్‌గా సేవ్ చేసినంత మాత్రాన అది వెక్టర్, అంటే ఎంత పెంచినా చెడని గీతల బొమ్మ, అయిపోదురా. లోపల ఆ పిక్సెళ్ల బొమ్మే ఉంది. జూమ్ చేసి చూడు, గళ్లు గళ్లుగా కనిపిస్తుంది.

ముందు అసలు ఫైల్ ఉందేమో లోగో ఇచ్చినవాళ్లని అడుగు. పాత పీడీఎఫ్ ఒకటి దొరికినా చాలు, అందులో వెక్టర్ ఉంటే ఈ పనంతా తప్పుతుంది. మొహమాటపడి చాలామంది అడగరు.

దొరక్కపోతే ట్రేస్ చెయ్యాలి, అంటే బొమ్మ అంచుల వెంట ప్రోగ్రామ్‌తో గీతలు గీయించాలి. దానికి ముందు బొమ్మని శుభ్రం చెయ్యి. జేపెగ్ కంప్రెషన్ 8×8 పిక్సెళ్ల గళ్లలో జరుగుతుంది, అందుకే అక్షరాల చుట్టూ దుమ్ములాంటి మచ్చలు వస్తాయి. ట్రేసర్‌కి దుమ్మూ బొమ్మా ఒకటే, ప్రతి మచ్చకీ ఓ ఆకారం గీసిపెడుతుంది. బొమ్మని మూడు నాలుగు రెట్లు పెంచి, కాస్త బ్లర్ చేసి, కాంట్రాస్ట్ పెంచు. కొత్త వివరాలేమీ రావు గానీ, అంచుల్లోని బూడిదరంగు పిక్సెళ్ల వల్ల వంపులు నున్నగా వస్తాయి.

ఇంక్‌స్కేప్‌లో ట్రేస్ చేసేది పోట్రేస్ అనే ప్రోగ్రామ్. దానికి తెలిసింది నలుపూ తెలుపే. నల్లటి భాగం అంచు వెంట నడిచి, ఆ మెట్లమెట్ల దారిని బహుభుజిగా కుదించి, ఎక్కడ మూల, ఎక్కడ వంపు అని తేల్చుకుని బెజియర్ వంపులు, అంటే కొన్ని బిందువులతోనే నిర్ణయమయ్యే నున్నటి గీతలు, గీస్తుంది. కాబట్టి ఏది నలుపో చెప్పే థ్రెషోల్డ్ దగ్గరే ఎక్కువసేపు కూర్చో. ఎక్కువైతే అక్షరాల్లో ఖాళీలు పూడుకుపోతాయి, తక్కువైతే సన్నగీతలు తెగిపోతాయి. మచ్చలు తీసేసే స్పెకిల్స్ విలువతోనూ జాగ్రత్త. మరీ పెంచితే ‘థ’లో చుక్క కూడా మచ్చల లెక్కలో పోయి, కథ కాస్తా కధ అవుతుంది!

అసలు అక్షరాల్ని ట్రేస్ చెయ్యకపోవడమే మేలు. అదే ఫాంట్ దొరికితే టైప్ చేసి పాత్‌గా, అంటే గీతల ఆకారంగా, మార్చెయ్. వృత్తాలు, చతురస్రాలు చేత్తో గీసుకో. వృత్తానికి నాలుగు నోడ్‌లు (గీతని పట్టి ఉంచే బిందువులు) సరిపోతాయి, ట్రేసర్ అంతకంటే ఎక్కువే పెడుతుంది, అదీ వంకరగా. కంట్రోల్ ఎల్‌తో నోడ్‌లు తగ్గుతాయి కదా అని పదేపదే కొట్టకు, మూలలు కరిగిపోతాయి.

రంగులున్నప్పుడు ఒక్కో రంగునీ విడిగా నలుపు తెలుపులా ట్రేస్ చేస్తుంది కాబట్టి, ఆ పొరల్ని ఒకదాని మీద ఒకటి పేర్చే స్టాక్ ఆప్షన్ ఆన్‌లో ఉంచు, రంగుల మధ్య తెల్ల సందులు రావు. ఫొటోల జోలికి మాత్రం వెళ్లకు. వేల ముక్కలై ఫైల్ బరువెక్కుతుంది, చూడ్డానికీ బాగోదు.

సరిచేసింది పంపేటప్పుడు ఆ పాత జేపెగ్ కూడా జతచెయ్యి, ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తాను.

నీ మామయ్య