రిటైరైన జవాను చేతిమీద కోతలు కనబడ్డాయా? ముందు ఇల్లు సర్దండి, ఆ తర్వాతే కౌన్సెలింగ్

మీ ప్రశ్న: నాన్నగారు ఆర్మీలో హవల్దారుగా చేసి రెండేళ్ల కిందట వచ్చేశారు. నిద్ర లేదు, తాగుడు ఎక్కువైంది, మొన్న ముంజేతిమీద కోతలు కనబడ్డాయి. సైకియాట్రిస్టుకి చూపిస్తే పెన్షన్ పోతుందని, పోలీసు కేసవుతుందని బంధువులంటున్నారు, నిజమేనా?

రెండూ అబద్ధాలే. జబ్బుకు మందులు వాడినందుకు పెన్షన్ ఎవరూ ఆపరు. కాకపోతే ఆ భయం ఊరికే పుట్టలేదు. సర్వీసులో ‘షేప్’ మెడికల్ కేటగిరీ ఉంటుంది, అందులో మొదటి అక్షరమే మానసిక స్థితిది. అక్కడ గ్రేడు తగ్గితే ప్రమోషన్‌కీ పోస్టింగ్‌కీ దెబ్బ. అందుకని ఏళ్ల తరబడి నోరు కట్టేసుకుని ఉంటారు, బయటికొచ్చాక కూడా ఆ కట్టు ఊడదు. పోలీసుల మాటకొస్తే, 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలి, శిక్షించకూడదు. ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసని రాసుకున్నా అది పోలీసులకు సమాచారం ఇవ్వడమే. దానికి భయపడి ఇంట్లోనే కట్టు కట్టి ఊరుకోవద్దు.

ఇప్పుడు అసలు పని. కోత మీద పది నిమిషాలు శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టి, రక్తం ఆగాక ధారగా పడే నీళ్లతో కడగండి. అంచులు విడిపోయి ఉంటే కుట్లు పడాలి, టీటీ ఇంజెక్షనూ కావాలి. ఆ సమయంలో ఎందుకు చేశావని నిలదీయకండి. కాస్త కుదుటపడ్డాక పక్కన కూర్చుని సూటిగా అడగండి: “నాన్నా, చచ్చిపోవాలనిపిస్తోందా మీకు?” అడిగితే లేని ఆలోచన పుట్టదు, లోపల ఉన్నది బయటికొస్తుంది. కోసుకునేవాళ్లందరూ చావాలనే కోసుకోరు, లోపలి రొద తగ్గడానికీ కోసుకుంటారు. అయినా ప్రమాదం ప్రమాదమే. అవునంటే, ఎలా చేయాలో కూడా అనుకున్నానంటే, ఇక ఒంటరిగా వదలొద్దు, ఆ పూటే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

నా గట్టి నమ్మకం ఒకటుంది: కౌన్సెలింగ్ కంటే ముందు ఇల్లు సర్దాలి. చావాలన్న తీవ్రత చాలామందిలో ఒక అలలా లేచి దిగుతుంది, అది దిగేదాకా చేతికి ఏదీ అందకుండా ఉంటే సగం గండం గడిచినట్టే. లైసెన్సు తుపాకీ ఉంటే పోలీస్ స్టేషన్లోనో, లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. బీరువాలో పెట్టి తాళం వేశామంటే చాలదు, ఆ తాళంచెవి ఎక్కడుంటుందో ఆయనకు తెలుసు. పొలం మందు డబ్బాలు ఊళ్లో ఇంకొకరింట్లో పెట్టించండి. మాత్రలు మీ దగ్గరుంచుకుని ఏ రోజువి ఆ రోజు ఇవ్వండి. నిద్ర పట్టడం లేదని మెడికల్ షాపులో అల్ప్రజోలం అడిగి తెచ్చే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. మద్యం తాగిన ఒంట్లో అది పడితే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది.

తాగుడు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. ఆర్మీ క్యాంటీన్ మద్యం కోటా చాలక బయట కొని తాగే మనిషి చేత ఇంట్లోవాళ్లు అయ్యప్ప మాల వేయిస్తారు. తెల్లారి చేతులు వణుకుతాయి, చెమట్లు పోస్తాయి. దీక్ష మహిమ, ఒళ్లు శుద్ధవుతోంది అనుకుంటారు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రాత్రో మూడో రాత్రో ఉన్నట్టుండి లేచి, గోడమీద లేని పురుగుల్ని దులుపుతాడు, పెళ్లాన్ని గుర్తుపట్టడు, పోస్టులో డ్యూటీ మీద ఉన్నట్టు హిందీలో కేకలు వేస్తాడు. దయ్యం పట్టిందని తాయెత్తు కట్టించుకొస్తారు. అది తాగుడు ఒక్కసారిగా ఆపినందుకు మతి చెదిరే డెలీరియం, ప్రాణం తీసే పరిస్థితి. రోజూ తాగేవాణ్ని ఉన్నపళంగా మాన్పించకూడదు. ఆసుపత్రిలో లోరాజెపాం లాంటి మందు మొదలుపెట్టి వారం పది రోజుల్లో తగ్గించుకుంటూ వస్తారు. గ్లూకోజు కంటే ముందు థయమిన్, అంటే బి1, ఇంజెక్షన్ పడాలి. మీరు కూడా ఆ మాట డాక్టరుకి గుర్తుచేయండి, తప్పేం లేదు.

ఖర్చు విషయానికొస్తే, 2003లో మొదలైన ఈసీహెచ్ఎస్, అంటే మాజీ సైనికుల వైద్య పథకం, ఉంది. కార్డు, ఆర్మీ డిశ్చార్జి బుక్, పీపీవో (పెన్షన్ ఆర్డరు) కాపీ పట్టుకుని ఆ పథకం పాలీక్లినిక్కి వెళ్లి సైకియాట్రీకి రిఫరల్ అడగండి. చాలా పాలీక్లినిక్కుల్లో సైకియాట్రిస్టు ఉండడు, మెడికల్ ఆఫీసరు విటమిన్ మాత్రలిచ్చి పంపేయకుండా కోతల సంగతి, తాగుడు సంగతి స్పష్టంగా చెప్పండి. ఎమర్జెన్సీ అయితే రిఫరల్ అక్కర్లేదు. ఈసీహెచ్ఎస్ ప్యానెల్లో లేని ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే 48 గంటల్లోపు దగ్గర్లోని పాలీక్లినిక్కి తెలియజేయాలి, ఆలస్యమైతే బిల్లు దగ్గర నానా తిప్పలు. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్‌లో చేసినవాళ్లకు మాత్రం ఈసీహెచ్ఎస్ వర్తించదు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకం సీజీహెచ్ఎస్ చూసుకోవాలి. ఏళ్లకేళ్లు అడవుల్లో, సరిహద్దుల్లో కాపలా కాసినవాళ్లకు ఈ తేడా ఎందుకో ఇప్పటికీ మింగుడుపడదు.

డిప్రెషన్ మందు పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారాల్లో నిద్ర, హుషారు కొంచెం తిరిగొస్తాయి గానీ దిగులు ఇంకా పోదు. ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉండిపోయేది సరిగ్గా ఆ వారాల్లోనే, ఎక్కువ కనిపెట్టి ఉండాల్సిందీ అప్పుడే. బాగైపోయిందని రెండు నెలలకే మానేయకూడదు, తేరుకున్నాక కనీసం ఆరు నెలలైనా వాడాలి.

ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయ్యేలోపు ఆయన చేతే ఒక కాగితం రాయించండి: మనసు చెడే ముందు ఏం జరుగుతుంది, అప్పుడు తను ఏం చేసుకుంటే తగ్గుతుంది, ఎవరికి ఫోన్ చేయాలి, ఏ డాక్టరు. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాల్లో ఇలా రాయించి, ఇంటికెళ్లాక ఫోన్ చేసి కనుక్కుంటూ ఉంటే ఆర్నెల్లలో ఆత్మహత్యా ప్రయత్నాల వంటివి దాదాపు 45 శాతం తక్కువ కనిపించాయని 2018లో ఒక అధ్యయనం తేల్చింది. ఆ కాగితంలో పాత యూనిట్ స్నేహితుడి నంబరు తప్పక ఉండాలి. కొడుక్కి చెప్పని మాట ఆ మనిషికి చెబుతారు. చివర్లో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 రాయండి, ఏ వేళకైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు.

ఇంకొకటి, ఆయన సెక్యూరిటీ గార్డుగా నైట్ డ్యూటీ చేస్తుంటే ముందు పగటి షిఫ్టుకు మార్పించండి. పన్నెండు గంటలు రాత్రి కాపలా కాసే మనిషికి ఏ మందూ సరిగ్గా నిద్ర తెప్పించలేదు. ఏజెన్సీ ఒప్పుకోకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో వేరే ఉద్యోగానికి పేరు నమోదు చేయించండి.