మీటప్‌కి వెళ్తే సరిపోదు తమ్ముడూ, కుర్చీలు కూడా మడవాలి

మొన్న ఆదివారం ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. అమెరికా వచ్చి ఎనిమిది నెలలైంది, వెబ్ డెవలపర్, కన్సల్టెన్సీ ద్వారా క్లయింట్ దగ్గర పని. “అన్నా, అందరూ నెట్‌వర్కింగ్ నెట్‌వర్కింగ్ అని చంపుతున్నారని సొంత డబ్బులు పెట్టి పెద్ద కాన్ఫరెన్స్ టికెట్ కొన్నా, మూడు రోజులు వెళ్లొచ్చా, తెచ్చుకున్నది నాలుగు టీషర్టులు, ఒక సంచీడు స్టిక్కర్లు, నాతో మాట్లాడింది లంచ్ లైన్లో వెనకాల నించున్నాయన ఒక్కడే, ఆయనా మనాయనే” అన్నాడు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు, ఎందుకంటే నేను వచ్చిన కొత్తలో చేసింది కూడా అచ్చం ఇదే.

మనోళ్లు ఇక్కడికొచ్చాక చేసే తప్పేంటంటే తలకిందులుగా మొదలుపెడతారు. ముందు పెద్ద కాన్ఫరెన్స్, అది వర్కవుట్ అవ్వకపోతే ఊళ్లో మీటప్, అది కూడా బోర్ కొడితే ఇక ఇంట్లో కూర్చుని, కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైట్‌లో రోజూ ఏదోటి పెట్టి ప్రొఫైల్‌లో గళ్లు పచ్చగా చేసుకోవడం. నా అనుభవంలో దారి సరిగ్గా దీనికి ఉల్టా. రోజూ చేత్తో వాడే టూల్ దగ్గర మొదలెట్టాలి, దాన్ని వాడేవాళ్ల గ్రూప్‌కి వెళ్లాలి, ఆ మొహాలు తెలిశాకే కాన్ఫరెన్స్‌కి వెళ్లాలి. అప్పుడు కాన్ఫరెన్స్ అంటే తెలిసినవాళ్ల పెళ్లికి వెళ్లినట్టుంటుంది, లేకపోతే కార్డు లేకుండా వెళ్లి మూల కుర్చీలో కూర్చున్నట్టుంటుంది.

టూల్ దగ్గర మొదలెట్టడం అంటే ఏదో పెద్ద ఫీచర్ రాసి పడెయ్యమని కాదు. నా కథ చెప్తా. అప్పట్లో మా ప్రాజెక్ట్‌లో రాసిన కోడ్‌ని సైట్ కోసం మూటగట్టే బిల్డ్ టూల్ ఒకటి వాడేవాళ్లం, వెర్షన్ అప్‌గ్రేడ్ చెయ్యగానే జనం చూసే ప్రొడక్షన్ బిల్డ్‌లో సగం సీఎస్ఎస్, అంటే పేజీకి రంగూ రూపూ ఇచ్చే కోడ్, మాయం, నా కంప్యూటర్లో చూస్తే అంతా బానే ఉంది. నాకు ఒళ్లు మండి ఆ టూల్ వాళ్లకి బగ్గులు చెప్పే ఇష్యూల పేజీలో ఆఫీస్ మెయిల్ రాసినట్టు రాసేశా, అప్‌గ్రేడ్ తర్వాత పని చెయ్యట్లేదు, అర్జెంట్, ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్ అని. మెయింటైనర్, అంటే ఆ టూల్ బాగోగులు చూసే ఆయన, ఎవరో పాపం మర్యాదగానే జవాబిచ్చాడు, సమస్య కనిపించేంత చిన్న ప్రాజెక్ట్ ఒకటి తయారుచేసి పెట్టండి, అప్పుడు చూస్తా అని. నాకు ఇంకా మండింది, టూల్ వాళ్లది, బగ్ వాళ్లది, పని మాత్రం నాకు చెప్తాడేంటి అని. రెండు రోజులు ఉడికిపోయి చివరికి కూర్చుని ప్రాజెక్ట్‌ని కోసుకుంటూ వచ్చా, ఈ ఫోల్డర్ తీసేస్తే బగ్ ఉందా, ఉంది, ఈ ప్లగిన్ తీసేస్తే, ఉంది, అలా తీసుకుంటూ తీసుకుంటూ చివరికి రెండు జావాస్క్రిప్ట్ ఫైళ్లు, ఒక సీఎస్ఎస్ ఫైలు మిగిలాయి. ఈ కోసే పనిలోనే సగం తప్పు మా కాన్ఫిగ్‌దే, అంటే మా సెట్టింగులదే అని బయటపడింది, అది వేరే సిగ్గు.

మిగతా సగం నిజంగా బగ్గే. అప్పుడే నాకు, కోడ్‌లో చేసిన ప్రతి మార్పునీ (దాన్నే కమిట్ అంటారు) గుర్తుపెట్టుకునే గిట్‌లో బైసెక్ట్ అనే కమాండ్ విలువ తెలిసింది. అప్పటిదాకా నాకు గిట్ అంటే పుల్, కమిట్, పుష్, ఇంతే. ఏ వెర్షన్ మంచిదో, ఏది చెడిందో చెప్తే అది మధ్య కమిట్‌కి తీసుకెళ్లి బావుందా లేదా అని అడుగుతుంది, ఒక్కో జవాబుకి సగం కమిట్లు పక్కకి పోతాయి, అందుకే వెయ్యి కమిట్లున్నా దాదాపు పది ప్రశ్నల్లో నేరస్తుడు దొరికిపోతాడు. ఆ కమిట్ నంబర్, నా మూడు ఫైళ్లు కలిపి పెట్టేసరికి అదే మెయింటైనర్ ఒక్క రోజులో ఫిక్స్ చేసి కింద నాకు థ్యాంక్స్ రాశాడు. కోడ్ ఒక్క లైన్ కూడా నాది కాదు. కానీ ఆర్నెల్ల తర్వాత ఒక మీటప్‌లో ఒకాయన నా బ్యాడ్జ్ చూసి “ఆ సీఎస్ఎస్ బగ్ నువ్వేనా” అన్నాడు చూడండి, ఈ దేశం వచ్చాక వీసా స్టాంప్ తర్వాత అంత సంతోషం అదే.

డాక్యుమెంటేషన్ కూడా మంచి గుమ్మం. వెబ్ డెవలపర్లు రోజూ చూసే ఎండీఎన్ అనే వివరాల సైట్ పేజీలు 2020 డిసెంబర్ నుంచి గిట్‌హబ్‌లోనే ఉన్నాయి, ఉదాహరణ తప్పుగా ఉన్నా, వాక్యం అర్థం కాకపోయినా మీరే సరిచేసి పంపొచ్చు. కొత్తగా వచ్చినవాడికి ఎక్కడ తికమకగా ఉందో పాతవాళ్లకి కనబడదు, ఆ ఒక్క విషయంలో మీదే పైచేయి. చాలా ప్రాజెక్టుల్లో ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ అనే లేబుల్ ఉంటుంది, కొత్తవాళ్ల కోసమే అట్టిపెట్టిన పనులవి, వెతకండి.

అలాగని టీషర్టు కోసం చెయ్యకండి. అక్టోబర్‌లో ప్రాజెక్టులకి మార్పులు పంపితే టీషర్టు ఇచ్చేలా డిజిటల్‌ఓషన్ కంపెనీవాళ్లు 2014లో మొదలుపెట్టిన హ్యాక్టోబర్‌ఫెస్ట్ 2020లో ఏమైందో చాలామందికి గుర్తుండే ఉంటుంది, ప్రాజెక్ట్ పరిచయం ఉండే రీడ్‌మీ ఫైల్లో ఒక పదం అటు మార్చి ఇటు మార్చి పుల్ రిక్వెస్టులు, అంటే ఈ మార్పు చేర్చుకోండి అనే అర్జీలు, గుమ్మరించేసరికి మెయింటైనర్లు లబోదిబోమన్నారు, చివరికి ఇష్టమున్న ప్రాజెక్టులే చేరేలా రూల్ మార్చారు. ఇప్పుడు దానికి అన్నయ్య లాంటిది వచ్చింది, ఏఐతో రిపోర్ట్ రాయించి చదవకుండానే పంపడం. నెట్ నుంచి డేటా తెచ్చే కర్ల్ అనే టూల్ నడిపే డేనియల్ స్టెన్‌బర్గ్ ఇలాంటి ఉత్తుత్తి సెక్యూరిటీ రిపోర్టులతో విసిగిపోయి బాహాటంగానే తిట్టాడు. ఏఐ వాడండి, నేనూ రోజంతా వాడతా, కానీ మీరు నడిపి చూడని బగ్ మీ పేరుతో పంపకండి, ఇక్కడ పేరే కదా మనం పెడుతున్న పెట్టుబడి.

సరే, ఇక యూజర్ గ్రూప్, అంటే ఒక టూల్ వాడేవాళ్లు కలిసే మీటప్. ఇదేదో స్టార్టప్‌ల కాలంలో పుట్టింది అనుకుంటారు గానీ చాలా పాత అలవాటు, 1955లోనే ఐబీఎం 704 కంప్యూటర్ వాడే కంపెనీలవాళ్లు షేర్ అని ఒక గ్రూప్ పెట్టుకుని ప్రోగ్రాములు ఒకళ్లకొకళ్లు ఇచ్చుకున్నారు. ఇప్పుడు కూడా జరిగేది అదే, నెలకోసారి సాయంత్రం ఎవరిదో ఆఫీస్‌లో ముప్పై కుర్చీలు, ఒక ప్రొజెక్టర్, రెండు టాకులు. మనోడు వెనక వరసలో కూర్చుంటాడు, టాక్ అవ్వగానే ఫోన్ తీస్తాడు, క్వశ్చన్స్ అనగానే బ్యాగ్ తగిలించుకుంటాడు, ఇంటికెళ్లి ఏం లాభం లేదు అంటాడు. అసలు మీటప్ మొదలయ్యేది టాక్ అయిపోయాకే కదా నాయనా!

నేను కూడా నాలుగు నెలలు అలాగే గోడకి చేరబడి వచ్చేశా. అయిదో నెల బయట వాన, బస్ ఇంకా రాలేదు, లోపల నిర్వాహకుడు ఒక్కడే కుర్చీలు మడుస్తున్నాడు, ఊరికే చూస్తూ నించోలేక నేనూ ఒక చెయ్యి వేశా. ఎనిమిది కుర్చీలు మడిచేసరికి పేరు అడిగాడు, పదిహేను అయ్యేసరికి ఎక్కడ పని చేస్తున్నావ్ అన్నాడు, ప్రొజెక్టర్ సర్దేసరికి వచ్చే నెల కాస్త ముందు రాగలవా, డోర్ దగ్గర నించోడానికి మనిషి లేడు అన్నాడు. డోర్ దగ్గర నించుంటే ఇక మొహమాటం ప్రసక్తే లేదు, వచ్చిన ప్రతివాడూ మీతోనే ముందు మాట్లాడాలి. మనలాంటి సిగ్గరులకి దీన్ని మించిన సీటు లేదు.

ఇంకోటి, గుంపుగా నించున్నప్పుడు ప్యాక్‌మ్యాన్ రూల్ అని ఒకటుంది, ఎరిక్ హోల్షర్ అనే ఆయన ప్రచారంలోకి తెచ్చాడు. గుండ్రంగా నించున్నప్పుడు ఒక మనిషి పట్టేంత ఖాళీ వదలాలి, పాత వీడియో గేమ్‌లో నోరు తెరిచిన ప్యాక్‌మ్యాన్ బొమ్మలాగా, కొత్తవాడు వచ్చి చేరడానికి. మనవాళ్లకి ఇది గట్టిగానే చెప్పాలి, నలుగురు తెలుగువాళ్లు కలిస్తే వలయం మూసుకుపోతుంది, తెలుగులో హెచ్1బీ కబుర్లు మొదలవుతాయి, పక్కన నించున్న మనిషికి ఒక్క ముక్క అర్థం కాదు. తెలుగులో మాట్లాడుకోవద్దనట్లేదు, కార్లో మాట్లాడుకుందాం.

ఆర్నెల్లు తిరిగాక లైట్నింగ్ టాక్‌కి పేరివ్వండి. అయిదే అయిదు నిమిషాలు, టైం అయిపోతే జనం చప్పట్లు కొట్టి దింపేస్తారు, అందులో అవమానం ఏం లేదు. నా మొదటిదానికి స్లైడ్లు ఇరవై రెండు, ఏడోదాని దగ్గరే చప్పట్లు పడ్డాయి. దానికితోడు నా ఎడిటర్‌ది డార్క్ థీమ్, ఫాంట్ సైజ్ పన్నెండు, ప్రొజెక్టర్ మీద నల్లటి పలక తప్ప ఏమీ కనబడలేదు, వెనక నుంచి ఎవరో “పెద్దది చెయ్యి” అంటే కంగారులో విండో పెద్దది చేశా గానీ అక్షరాలు కాదు. అందుకని లైట్ థీమ్, ఫాంట్ కనీసం ఇరవై నాలుగు, డెమో ముందే వీడియో తీసి పెట్టుకోండి, వైఫైని అస్సలు నమ్మకండి, అడాప్టర్ మీదే తెచ్చుకోండి. యాస గురించి భయపడేది మనం ఒక్కళ్లమే, కొంచెం నెమ్మదిగా మాట్లాడితే చాలు, నా మాట విని ఎవరూ లేచిపోలేదు.

కాన్ఫరెన్సుల దగ్గరికొద్దాం. వీటి విలువ తక్కువ చెయ్యట్లేదు. జాన్ రెసిగ్ జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీని బయటపెట్టింది 2006 జనవరిలో న్యూయార్క్ బార్‌క్యాంప్‌లో. ర్యాన్ డాల్ జావాస్క్రిప్ట్‌ని సర్వర్ మీద నడిపే నోడ్ జేఎస్ చూపించింది 2009 నవంబర్‌లో జేఎస్‌కాన్ఫ్ అనే జావాస్క్రిప్ట్ కాన్ఫరెన్స్‌లో, బెర్లిన్‌లో, మళ్లీ అదే బెర్లిన్ కాన్ఫరెన్స్‌లో 2018లో నోడ్ డిజైన్‌లో తను చేసిన తప్పులు ఏకరువు పెట్టి, అలాంటి పనే చేసే డెనో అనే కొత్తది చూపించాడు, ఆ ధైర్యం నాకు భలే నచ్చుతుంది. వెబ్ పేజీలు కట్టే రియాక్ట్‌ని 2013 మేలో అమెరికా జేఎస్‌కాన్ఫ్‌లో ఓపెన్ సోర్స్ చేసి, అంటే కోడ్ అందరికీ తెరిచి పెట్టినప్పుడు జావాస్క్రిప్ట్‌లో హెచ్‌టీఎంఎల్ కలిపేస్తారా అని చాలామంది పెదవి విరిచారు, ఇప్పుడు మన రెజ్యూమెల్లో మొదటి లైన్ అదే. కాకపోతే టాకులు చాలావరకు తర్వాత వీడియోలుగా వచ్చేస్తాయి, వాటి కోసమే అయితే ఇంట్లో కూర్చోండి. వెళ్లాల్సింది వరండాలో జరిగే మాటల కోసం, తర్వాత రోజుల్లో పెట్టే స్ప్రింట్ల కోసం. స్ప్రింట్ అంటే ఆఫీస్‌లో రెండు వారాల గోల కాదు, టూల్ రాసినవాళ్లు, వాడేవాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుని దాని మీద పని చెయ్యడం. పైథాన్ భాష వాడేవాళ్ల కాన్ఫరెన్స్ పైకాన్‌లో ఇవి మెయిన్ టాకులు అయ్యాక ఉంటాయి, చాలామంది ఫ్లైట్ ఎక్కేస్తారు, ఉండిపోయినవాడికే లాభం. సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్ మీద పని చేసేవాళ్లకి వాళ్ల కాన్ఫరెన్సులైన వర్డ్‌క్యాంపుల్లో కంట్రిబ్యూటర్ డే అలాంటిదే.

డబ్బుల సంగతి. మొదటి ఏడాది సొంత డబ్బుతో ఖరీదైన టికెట్ కొనొద్దు. ఆఫీస్‌లో ట్రైనింగ్ బడ్జెట్ ఉందేమో అడగండి, అడగరు మనోళ్లు. చాలా చోట్ల వాలంటీర్‌గా పని చేస్తే టికెట్ ఇస్తారు, పైకాన్ యూఎస్‌లో అవసరమున్నవాళ్లకి ట్రావెల్ గ్రాంట్ ఉంటుంది. యూరప్‌లో ఉన్నవాళ్లయితే బ్రస్సెల్స్‌లో జరిగే ఫాస్‌డెమ్ అనే ఓపెన్ సోర్స్ కాన్ఫరెన్స్‌కి వెళ్లండి, టికెట్టూ లేదు రిజిస్ట్రేషనూ లేదు, గదులు నిండిపోతాయి కాబట్టి పెందలాడే వెళ్లడమే. టాక్ ప్రపోజల్ పంపడానికి వెనకాడకండి, చాలా కాన్ఫరెన్సుల్లో మొదటి రౌండ్‌లో పేర్లు దాచేసి చదువుతారు, మన బారెడు ఇంటిపేరు అడ్డం రాదు.

వీసా మీద ఉన్నవాళ్లకి మాత్రం మూడు జాగ్రత్తలు. హెచ్1బీ మీద స్పాన్సర్ చేసిన కంపెనీకే పని చెయ్యాలి, కాబట్టి టాక్‌కి ఎవరైనా డబ్బు ఇస్తానంటే ముందు లాయర్ని అడగండి, ఆతృతపడి తీసుకోకండి. రెండోది, పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ గడువు అయిపోయి ఉంటే వేరే దేశంలో కాన్ఫరెన్స్ అని ఎగిరిపోకండి, తిరిగి రావడానికి మళ్లీ స్టాంపింగ్ కావాల్సి రావచ్చు, నా రూమ్మేట్ ఒకడు నాలుగు రోజులకని వెళ్లి ఏడు వారాలు ఇరుక్కున్నాడు. మూడోది, ఆఫర్ తీసుకున్నప్పుడు సంతకం పెట్టిన కాగితం ఒకసారి చదవండి, ఖాళీ టైంలో రాసిన కోడ్ కూడా కంపెనీదే అనే క్లాజ్ ఉంటే ఓపెన్ సోర్స్‌కి పంపేముందు మేనేజర్ దగ్గర ఒక మెయిల్ రాయించుకోండి.

ఇదంతా చెప్పాక మా తమ్ముడు కాసేపు ఆలోచించి “అన్నా, ఎవరూ మాట్లాడకపోతే?” అన్నాడు. కుర్చీలు మడిచేదాకా ఉండు అన్నా. నిన్న రాత్రి మెసేజ్ పెట్టాడు. వెళ్లాట్ట, స్పీకర్ ల్యాప్‌టాప్‌కి ప్రొజెక్టర్ కేబుల్ సెట్ అవ్వలేదట, గది మొత్తం మీద అడాప్టర్ వీడి బ్యాగ్‌లోనే ఉందట. ఇంటికొచ్చాక చూసుకుంటే అడాప్టర్ అక్కడే మర్చిపోయాడట, దాని కోసమైనా వచ్చే నెల వెళ్లాలి అంటున్నాడు.